గాడిపొయ్యి మీద పెసరట్టు

సెకండియర్‌లో అడుగుపెట్టగానే మన బ్రాంచ్‌లో చాలామందికి ఒకే జబ్బు పట్టుకుంటుంది. సొంతంగా పీసీ బిల్డ్ చేసుకోవాలి. అందులో కొంతమందికి అది ముదిరి, "మామూలు ప్రాసెసర్ ఏంటి మామా, సర్వర్ ప్రాసెసర్ వేసేద్దాం" అనేదాకా వెళ్తుంది. "సర్వర్" అన్న మాటలో ఏదో మత్తు ఉంది. జియాన్ అనగానే పక్క రూమ్ వాళ్లు కూడా తల తిప్పి చూస్తారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా, తిట్టుకునేవాళ్లు తర్వాత తిట్టుకోవచ్చు. మన హాస్టల్ రూముల్లో సర్వర్ ప్రాసెసర్‌కి చేసే పని లేదు. మన ల్యాబ్‌లో మాత్రం ఉంది, బోలెడంత ఉంది, కానీ అక్కడ లేదు. ఉండకూడని చోట కొంటున్నాం, ఉండాల్సిన చోట అడగడం లేదు.

మాది రేపల్లె వైపు. కృష్ణా పశ్చిమ డెల్టా కాలవలకి చివరి భూములు. మా వైపు రైతు విత్తనం కొనే ముందు "ఏది గొప్ప రకం?" అని అడగడు. "చేను ఎక్కడ? నీళ్లు ఎప్పుడొస్తాయి? ముంపు ఉంటుందా?" అని చూసుకుంటాడు. మన బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన బీపీటీ 5204, అదే సాంబ మసూరి, దేశమంతా తింటున్నారు. అంత పేరున్న రకాన్ని కూడా ప్రతి చేలో కళ్లు మూసుకుని చల్లరు. పది మూటల వడ్ల కోసం ఇంత ఆలోచించే ఇళ్లనుంచి వచ్చిన మనం, లక్ష రూపాయల మెషీన్ దగ్గరికొచ్చేసరికి యూట్యూబ్ థంబ్‌నెయిల్ చూసి డిసైడ్ అయిపోతాం.

సరే, అసలు తేడా ఏంటో చూద్దాం. రెండూ సిలికానే. చాలాసార్లు లోపలి కోర్ డిజైన్ కూడా ఒకటే. 2022లో వచ్చిన ఏఎండీ రైజెన్ 9 7950ఎక్స్‌లో 16 కోర్లు, 5.7 గిగాహెర్ట్జ్ దాకా వెళ్తుంది. అదే సంవత్సరం వచ్చిన సర్వర్ చిప్ ఎపిక్ 9654లో 96 కోర్లు, కానీ పరుగు 3.7 దగ్గరే ఆగిపోతుంది. రెండూ జెన్ 4 కోర్లే. అంటే ఒక్కో కోర్‌ని విడిగా తీసుకుంటే డెస్క్‌టాప్‌ది బాగా ఫాస్ట్. సర్వర్‌ది నెమ్మదిగా నడిచే పెద్ద గుంపు. ధర చూస్తారా? విడుదలైనప్పుడు మొదటిది 699 డాలర్లు, రెండోది 11,805 డాలర్లు. మన డబ్బుల్లో తొమ్మిదిన్నర లక్షల పైమాటే. అది ఒక్క చిప్‌కే, బోర్డు, మెమరీ వేరే.

మరి ఆ డబ్బు దేనికి? కోర్లకి మాత్రమే అనుకుంటే పొరపాటు. దారులకి. తెనాలి జంక్షన్ గుర్తు తెచ్చుకోండి. రేపల్లె నుంచి బాపట్లకి రైల్లో రావాలంటే నేను ముందు పైకి తెనాలి దాకా వెళ్లి, అక్కడ దిగి, మళ్లీ కిందకి రావాలి. తెనాలి నుంచి రేపల్లెకి ఉన్నది ఒకటే లైను. బోగీలు ఎన్ని తగిలించినా, ఇంజిన్ ఎంత కొత్తదైనా, ఎదురుగా బండి వస్తే మనది ఆగాల్సిందే. ప్రాసెసర్‌కీ మెమరీకీ మధ్య ఛానెళ్లు కూడా అంతే. 7950ఎక్స్‌కి రెండు మెమరీ ఛానెళ్లు. ఎపిక్ 9654కి పన్నెండు. గ్రాఫిక్స్ కార్డులూ ఎస్‌ఎస్‌డీలూ తగిలించే పీసీఐఈ లేన్లు డెస్క్‌టాప్‌లో మనం వాడుకోగలిగేవి 24, ఎపిక్‌లో 128. రెండు పెద్ద గ్రాఫిక్స్ కార్డులు పెడితే డెస్క్‌టాప్ బోర్డులో చెరో ఎనిమిది లేన్లు పంచుకోవాలి, సర్వర్‌లో ఆ గొడవే లేదు. మెమరీ కూడా టెరాబైట్లలో పెట్టుకోవచ్చు.

మధ్యలో థ్రెడ్‌రిప్పర్ అని ఇంకో జాతి ఉంది. పేరుకి హై ఎండ్ డెస్క్‌టాప్, గుణాలు సగం సర్వర్‌వి. 2023 నవంబర్‌లో వచ్చిన 7980ఎక్స్‌కి 64 కోర్లు, నాలుగు మెమరీ ఛానెళ్లు, 350 వాట్లు, 4,999 డాలర్లు. సినిమాలకి వీఎఫ్ఎక్స్ చేసేవాళ్లకి, పెద్ద పెద్ద సిమ్యులేషన్లు రన్ చేసేవాళ్లకి అది సరిపోతుంది. మన సంగతి వదిలేద్దాం.

ఇందులో నాకు భలే నచ్చిన విషయం ఇంకొకటి. 2024 మేలో ఏఎండీ ఎపిక్ 4004 అని చిన్న సర్వర్ల కోసం ఒక సిరీస్ తెచ్చింది. అందులో 4564పీ అనే చిప్ 16 కోర్లు, 5.7 గిగాహెర్ట్జ్, మన డెస్క్‌టాప్ ఏఎమ్5 సాకెట్‌లోనే కూర్చుంటుంది. ఎక్కడో విన్నట్టు లేదూ? అవును, దాదాపు 7950ఎక్సే. సర్వర్ బోర్డుల మీద టెస్ట్ చేసి, సర్వర్ ఓఎస్‌లకి సపోర్ట్ ఉందని హామీ ఇచ్చి, పేరు మార్చారు. ఆ హామీకి విలువ లేదని నేను అనను, కంపెనీలకి అదే ముఖ్యం. కానీ "సర్వర్ ప్రాసెసర్ అంటే లోపల వేరే లెవెల్ టెక్నాలజీ రా" అని ఇకమీదట ఎవరైనా అంటే, ఈ చిప్ పేరు చెప్పండి.

ఇప్పుడు అసలు గొడవకి వద్దాం. మనలో ఎవరూ తొమ్మిదిన్నర లక్షల చిప్ కొనడం లేదు. మనవాళ్లు కొంటున్నది పాత జియాన్లు. విదేశాల్లో డేటా సెంటర్లు తీసేసిన ప్రాసెసర్లు, ఎక్స్99 అని పేరు పెట్టిన ఊరూ పేరూ లేని చైనా బోర్డు మీద పెట్టి, చవగ్గా వస్తాయి. ఎక్కువగా కనిపించేది ఈ5-2680 వీ4. 14 కోర్లు, 28 థ్రెడ్లు. వినడానికి ఎంత బాగుందో!

తెనాలిలో మా బాబాయ్‌కి పెళ్లి వీడియోలు, ఆల్బమ్‌లు చేసే స్టూడియో ఉంది. ఎడిటింగ్ సిస్టమ్ మార్చాలని చాలా రోజులుగా చూస్తున్నాడు. ఎవరో ఆయనకి ఈ జియాన్ సెట్ వాట్సాప్‌లో పంపించారు. నేను ఐ5-12400 చాలు అంటే ఆయనకి నచ్చలేదు.

"ఏందిరా, వాడు ఇరవై ఎనిమిది థ్రెడ్లు అంటుంటే నువ్వు పన్నెండు దగ్గరే ఆగావు?"

"బాబాయ్, ఇరవై ఎనిమిది మంది కూలీలు వచ్చారనుకో, నాటాల్సిన మడి ఒక్కటే అయితే మిగతావాళ్లు గట్టు మీద కూర్చుంటారు. కూలి మాత్రం అందరికీ ఇవ్వాలి."

"కూలి ఏంది ఇందులో?"

"కరెంటు బిల్లు."

ఈ మాటలో నేను సరదాకి చెప్పింది ఏమీ లేదు. 2680 వీ4 అనేది 2016 నాటి చిప్. 2.4 గిగాహెర్ట్జ్ బేస్, మహా అయితే 3.3. 120 వాట్లు. ఐ5-12400 అనేది 2022 జనవరిలో వచ్చిన ఆరు కోర్ల చిప్, 4.4 దాకా వెళ్తుంది. అన్ని కోర్లూ కలిపి కొలిచే బెంచ్‌మార్కుల్లో ఈ ఆరూ ఆ పద్నాలుగుతో దాదాపు సమానంగా నిలబడతాయి. ఒక్క కోర్‌తో నడిచే పనుల్లో అయితే పాతది దరిదాపుల్లో కూడా ఉండదు. ఫోటోషాప్‌లో లేయర్ జరిపినప్పుడు, టైమ్‌లైన్ మీద క్లిప్ లాగినప్పుడు మన చేతికి తెలిసే వేగం ఆ ఒక్క కోర్‌దే. పైగా ఆ ఐ5లో ఉండే గ్రాఫిక్స్ భాగంలో క్విక్ సింక్ అని వీడియోని విప్పడానికీ మళ్లీ చుట్టడానికీ ప్రత్యేకంగా ఒక యూనిట్ ఉంటుంది. కెమెరా నుంచి వచ్చే హెచ్.265 ఫైళ్లకి అదే ప్రాణం. పాత జియాన్‌లో గ్రాఫిక్సే లేవు. విండోస్ 11 సపోర్ట్ లిస్ట్‌లో కూడా దాని పేరు లేదు.

జీన్ ఆమ్డాల్ అనే ఆయన 1967లోనే ఈ లెక్క చెప్పేశాడు. మన సిలబస్‌లో కూడా ఉంది, రెండు మార్కుల ప్రశ్నగా బట్టీ పట్టి వదిలేశాం. ఒక పనిలో 80 శాతం పంచుకోగలిగేది, 20 శాతం ఒక్కరే చేయాల్సింది అనుకోండి. 16 కోర్లు పెడితే పని 4 రెట్లు వేగంగా అవుతుంది. 64 పెడితే? 4.7 రెట్లు. కోర్లు నాలుగింతలు చేస్తే వచ్చిన లాభం అంతే. అనంతమైన కోర్లు పెట్టినా 5 రెట్లు దాటదు. మన ప్రోగ్రామ్‌లు చాలావరకు ఆ 80 శాతం కూడా పంచుకోలేవు, ఎందుకంటే రాసింది మనం. థ్రెడ్ అన్న మాట మన కోడ్‌లో ఎంతమందిమి వాడాం? నేను ఇప్పటిదాకా ఓఎస్ ల్యాబ్ రికార్డులో తప్ప ఎక్కడా వాడలేదు.

"మేం మెషీన్ లెర్నింగ్ చేస్తాం" అనేవాళ్లకి ఒక్క ముక్క. మీకు కావాల్సింది గ్రాఫిక్స్ కార్డు. డబ్బు అక్కడ పెట్టండి.

పాత జియాన్ కొన్నవాళ్ల మీద నాకేం కోపం లేదు. మన తెనాలి శిల్పులు పాత ఇనప సామానుతో, నట్లు బోల్టులతో నిలువెత్తు విగ్రహాలు చేస్తారు. పారేసిన వస్తువు నుంచి పనికొచ్చేది తీయడం మన దగ్గర చిన్న విద్య కాదు. ఇంట్లో నాలుగైదు వర్చువల్ మెషీన్లు నడుపుకుంటూ నెట్‌వర్కింగ్ నేర్చుకోవాలనుకునేవాడికి చవగ్గా 64 జీబీ మెమరీతో పాత జియాన్ దొరికితే అది మంచి బేరమే. అక్కడ వేగం కన్నా చోటు ముఖ్యం. కానీ వాడు ఎందుకు కొంటున్నాడో వాడికి తెలుసు. గేమ్స్ కోసం, ఆండ్రాయిడ్ స్టూడియో కోసం కొనేవాడి సంగతే నేను మాట్లాడుతున్నది.

డెస్క్‌టాప్ వైపు అంతా బంగారమే అని కూడా అనుకోవద్దు. వేగం కోసం ఎక్కువ వోల్టేజీ తోస్తే ఏమవుతుందో 2024లో చూశాం. ఇంటెల్ 13, 14 తరాల పెద్ద డెస్క్‌టాప్ చిప్‌లు, ఐ9-14900కే లాంటివి, నడుస్తూ నడుస్తూ క్రాష్ అవడం మొదలుపెట్టాయి. అవసరానికి మించిన వోల్టేజీ వల్ల చిప్పే శాశ్వతంగా దెబ్బతింటోందని తేలింది. ఆగస్టులో మైక్రోకోడ్ అప్‌డేట్ ఇచ్చారు, వారంటీ రెండేళ్లు పెంచారు. 6 గిగాహెర్ట్జ్ అని డబ్బా మీద రాసుకోవడానికి చెల్లించిన మూల్యం అది. సర్వర్ చిప్‌లు నెమ్మదిగా నడవడంలో ఒక అర్థం ఉంది. సంవత్సరాల తరబడి, రాత్రీ పగలూ ఆగకుండా నడవాలి కాబట్టి వాటిని ఆయాసపడనివ్వరు.

సర్వర్ వైపు ఇంకో గట్టి వాదన ఈసీసీ మెమరీ. మెమరీలో అప్పుడప్పుడూ ఒక బిట్ దానంతట అదే 0 నుంచి 1కి దూకుతుంది. కథ కాదు. 2003లో బెల్జియంలో బ్రస్సెల్స్ పక్కన షార్‌బేక్ అనే చోట ఎలక్ట్రానిక్ ఓటింగ్‌లో ఒక అభ్యర్థికి 4096 ఓట్లు అదనంగా పడ్డాయి. ఆ లెక్క అసాధ్యం కాబట్టి పట్టుకున్నారు. 4096 అంటే ఏంటో మనకి వేరే చెప్పక్కర్లేదు, 2 టు ది పవర్ 12. సాఫ్ట్‌వేర్‌లో తప్పు దొరకలేదు, ఒక బిట్ తిరగబడిందనే తేల్చారు, అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణం పని అయి ఉండొచ్చన్నారు. గూగుల్ వాళ్ల సర్వర్ల మీద 2009లో వచ్చిన పరిశోధనలో ఏడాదికి 8 శాతానికి పైగా మెమరీ స్టిక్కుల్లో ఇలాంటి ఎర్రర్లు కనిపించాయి. ఈసీసీ ఉంటే ఒక బిట్ తప్పుని అక్కడికక్కడే సరిదిద్దుతుంది.

ఇక్కడ కూడా చిన్న మెలిక. ఈసీసీ కోసం సర్వర్ చిప్పే కొనాలని లేదు. చాలా రైజెన్ చిప్‌లు బోర్డు ఒప్పుకుంటే ఈసీసీతో నడుస్తాయి. ఇంటెల్ 12వ తరం నుంచి కొన్ని కోర్ చిప్‌లు డబ్ల్యూ680 బోర్డు మీద నడుస్తాయి. మామూలు మనుషులకి ఈసీసీ అందకుండా చేశారని 2021 జనవరిలో లైనస్ టోర్వాల్డ్స్ ఇంటెల్‌ని బహిరంగంగానే ఏకిపారేశాడు. నేను ఆయన పక్షమే. డీడీఆర్5లో ఈసీసీ ఉంది కదా అంటారు కొందరు. అది చిప్ లోపల వరకే, అక్కడి నుంచి ప్రాసెసర్‌కి వచ్చే దారిలో జరిగే తప్పులకి దానికి సంబంధం లేదు.

అయితే మన ఊళ్లలో బిట్లు కాస్మిక్ కిరణాలతో పోయేకన్నా ముందు కరెంటుతో పోతాయి. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఆ వారం ఎవరి ఇంట్లో కరెంటు ఎలా ఉందో గుర్తుందిగా. సూర్యలంక గాలిలో ఉప్పు, తేమ, మామూలు రోజుల్లో కూడా వోల్టేజీ ఊగిసలాట. మంచి యూపీఎస్, మంచి పవర్ సప్లై కొనకుండా ఈసీసీ గురించి మాట్లాడటం అంటే, ఇంటికి తలుపు లేకుండా బీరువాకి రెండు తాళాలు వేసినట్టు.

ఇప్పుడు ల్యాబ్ సంగతి. ఇందుకే ఇదంతా రాస్తున్నా.

సర్వర్ అంటే వడ్డించేది. పేరులోనే ఉంది. పెళ్లికి గాడిపొయ్యి తవ్వి గుండిగలు ఎక్కిస్తాం, ఎందుకంటే బంతికి రెండొందల మంది కూర్చుంటారు. ఇద్దరికి పెసరట్టు వేయడానికి ఎవరూ గాడిపొయ్యి తవ్వరు. అలాగని రెండొందల మందికి ఇంట్లో గ్యాస్ స్టవ్ మీద కూడా వండలేం. మన ల్యాబ్‌లో ఇప్పుడు జరుగుతున్నది ఈ రెండోదే. వరసగా డెస్క్‌టాప్‌లు, ప్రతిదీ విడివిడిగా, దేంట్లోనూ పెద్ద పని కాదు. ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్ ఆన్ చేస్తే మౌస్ నిలబడిపోతుంది. ల్యాబ్ మూసేశాక అసలు ఏమీ లేదు.

ల్యాప్‌టాప్ ఉన్నవాడికి ఈ బాధ తెలియదు. రేపల్లె నుంచి రోజూ వచ్చి వెళ్లేవాళ్లలో ల్యాప్‌టాప్ లేనివాళ్లు ఉన్నారు. నాలుగేళ్ల నాటి ఫోన్‌లో కోడ్ టైప్ చేసి ఆన్‌లైన్ కంపైలర్‌లో రన్ చేసుకునేవాళ్లు ఉన్నారు. వాళ్లలో ఒకడు మా సెక్షన్‌లో నాకన్నా బాగా కోడ్ రాస్తాడు. వాళ్ల నాన్న పంట డబ్బులు వచ్చాక ల్యాప్‌టాప్ కొందామన్నారు. ప్లేస్‌మెంట్ టెస్టులు పంట కోసం ఆగవు.

ల్యాబ్‌లో ఒక్క సర్వర్ ఉంటే? 32 కోర్లు, 256 జీబీ ఈసీసీ మెమరీ అనుకుందాం. 60 మందికి లెక్కేస్తే తలకి 4 జీబీ పైచిలుకే. చూడటానికి తక్కువ. కానీ 60 మందీ ఒకేసారి రన్ కొట్టరు. ఒకడు రాస్తుంటాడు, ఒకడు ఎర్రర్ చదువుతుంటాడు, ఇద్దరు రీల్స్ చూస్తుంటారు. ఆ క్షణానికి నిజంగా కంపైల్ చేసేవాడికి పది, ఇరవై జీబీ కూడా దొరుకుతుంది. ఒక్కడి ప్రోగ్రామ్‌లో ఆమ్డాల్ లెక్క అడ్డం వస్తుంది గానీ, 60 మంది 60 వేర్వేరు ప్రోగ్రామ్‌లు నడిపితే అవి ఒకదాని కోసం ఒకటి ఆగవు. నెమ్మదిగా నడిచే ఎక్కువ కోర్లకి సరిపోయే పని ఇదే. ప్రతి స్టూడెంట్‌కి ఒక అకౌంట్, ఎస్‌ఎస్‌హెచ్, బ్రౌజర్‌లో జూపిటర్. అప్పుడు ఫోన్ ఉన్నా చాలు, ట్రైన్‌లో కూర్చుని కూడా అదే మెషీన్ మీద పని చేసుకోవచ్చు. ఇప్పుడున్న డెస్క్‌టాప్‌లు పారేయక్కర్లేదు, అవి కీబోర్డు, స్క్రీన్‌గా మిగులుతాయి, ఆ పనికి అవి చక్కగా సరిపోతాయి.

ఈ మాట అంటే ఒక సీనియర్ అన్న అడ్డం పడ్డాడు. "అది ఒక్కటి పడిపోతే ల్యాబ్ మొత్తం పడిపోతుంది, ఎక్స్‌టర్నల్స్ రోజు ఏం చేస్తావ్?" అని. మంచి ప్రశ్న. ఎక్స్‌టర్నల్స్‌కి కావాల్సిన చిన్న ప్రోగ్రామ్‌లు డెస్క్‌టాప్‌ల మీద అలాగే ఉంచొచ్చు. ఇక పడిపోవడం గురించి అయితే, సర్వర్ బోర్డు కొనడంలో ఉన్న అసలు సుఖం అక్కడే. దాని మీద బీఎంసీ అని చిన్న కంప్యూటర్ ఒకటి విడిగా ఉంటుంది. పెద్దది హ్యాంగ్ అయినా అది మేలుకునే ఉంటుంది. కాలేజీ నెట్‌వర్క్‌లోకి వీపీఎన్ ఇస్తే, రాత్రి పన్నెండింటికి రేపల్లెలో మంచం మీద నుంచి దాన్ని రీస్టార్ట్ చేయొచ్చు. మన డెస్క్‌టాప్ అయితే తెల్లారి ఎవరో వచ్చి బటన్ నొక్కాలి.

కరెంటు ఖర్చు కూడా లెక్కేశా. సగటున 400 వాట్లు తాగినా రోజంతా కలిపి 9.6 యూనిట్లు. ఏసీ ఖర్చు అదనం, ఒప్పుకుంటా. అయితే ఆ 60 డెస్క్‌టాప్‌లు ఒక్కోటి 60 వాట్లు చొప్పున ఆరు గంటలు వెలిగితే 21.6 యూనిట్లు ఇప్పటికే కాలుతున్నాయి. వాటి గురించి ఎవరూ అడగలేదు.

నిర్వహణ ఎవరు చూస్తారు? మనమే. యూజర్ అకౌంట్లు, బ్యాకప్‌లు, ఎవడో రాసిన ఇన్ఫినిట్ లూప్ పట్టుకుని ఆపడం, ఇవన్నీ థర్డియర్‌లో ఎలక్టివ్‌గా చదివే పాఠాలే. ఇద్దరు స్టూడెంట్లు, ఒక ల్యాబ్ అసిస్టెంట్ చాలు. నేను నా పేరు ఇప్పటికే రాసేశా.

కొత్త ఎపిక్ అడగడం లేదు. కొన్నేళ్ల కిందటి తరం, కంపెనీ వారంటీతో, విడిభాగాలు దొరికేది చాలు. హెచ్‌ఓడీ గారికి ఇవ్వాల్సిన లెటర్ తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి రెడీగా ఉన్నాయి. (తెలుగు లెటర్‌లో స్పెల్లింగ్‌లు క్లబ్ సెక్రటరీ దిద్దింది, నాకు సెకండ్ లాంగ్వేజ్ సంస్కృతం.) ఇప్పటికి 41 సంతకాలు అయ్యాయి, అన్నీ సెకండియర్‌వే. లెటర్ క్లబ్ రూమ్‌లో కిటికీ పక్క టేబుల్ మీద ఉంది. థర్డియర్ అన్నలు, అక్కలు లంచ్‌లో అటు ఒకసారి రండి. రూమ్ సాయంత్రం నాలుగున్నరకి మూసేస్తారు. బాబాయ్ అయితే ఐ5 కొన్నాడు, అన్నప్రాశన ఆల్బమ్ ఒకటి అయిపోయింది కూడా.